పాముకు పెళ్లికళ

పాప పడుకున్నాక రాసుకోవడం నాకు అలవాటు. పగలు మాటలన్నీ పాపకే సరిపోతాయి. మిగిలినవి రాత్రికి నావి. ఇన్నాళ్లూ ఆ మిగిలినవాటిలో ఎక్కువ భాగం భయాలే ఉండేవి. సిలిండర్ కట్టేశానా, గడియ పెట్టానా, పాపకు ఒళ్లు వెచ్చబడిందా, లేక నా చెయ్యే చల్లగా ఉందా. ఈమధ్య వాటిలో ఒకటి తగ్గింది. అది తగ్గడానికి ఒక పాము, ఒక లెన్సు, నేను చేసిన ఒక తెలివితక్కువ పని కావలసి వచ్చాయి.

మా ఇల్లు మార్కాపురంలో, ఊరు అయిపోయి చేలు మొదలయ్యే చోట ఉంది. ఒకప్పుడు అక్కడ పలకలు కోసే షెడ్డు ఉండేదట. షెడ్డు పోయింది కానీ విరిగిన పలకలు మాత్రం వెనక గోడ వెంట నడుమెత్తున పేర్చి అలాగే ఉన్నాయి. తీసి పారేద్దామని నేను అన్నప్పుడల్లా మా అత్త, "రాయి అన్నం అడగతదా, నీళ్లడగతదా? ఉండనీ. ఎప్పుడన్నా అరుగుకు పరిపిద్దాం" అనేది.

ఇంట్లో మేం నలుగురం. అత్త, బావ, నేను, రెండున్నరేళ్ల పాప. బావ అంటే మా ఆయనే, మేనత్త కొడుకు. పెళ్లయిన కొత్తలో అందరిలా "ఏమండీ" అని పిలవాలని ఒక వారం ప్రయత్నించాను. పిలిచిన ప్రతిసారీ ఆయన వెనక్కి తిరిగి, ఇంట్లోకి ఎవరొచ్చారా అని చూసేవాడు. మానేశాను.

బావది పెళ్లి ఫోటోల పని. ఆయన తీస్తాడు, నేను దిద్దుతాను. బీఎస్సీ కంప్యూటర్స్ చదివి నేను చేసే ఉద్యోగం అదే. హాల్లో కిటికీ పక్కన కంప్యూటరు, దాని పక్కనే పాప ఉయ్యాల. మొటిమలు తీస్తాను. కళ్ల కింద నలుపు తీస్తాను. చెమట తుడుస్తాను. తెల్లవారుజాము ముహూర్తానికి వాచిపోయిన కళ్లను విప్పుతాను. ఒంటి రంగు ఒక మెట్టు పైకి జరుపుతాను. దాన్ని మేం "పెళ్లికళ తేవడం" అంటాం. ఆరేళ్లయింది కాబట్టి చెయ్యి దానంతటదే పోతుంది. ఏ మచ్చ తీశానో, ఏది ఉంచానో సాయంత్రానికి నాకే గుర్తుండదు.

ఆ రోజు పొద్దున పాప చేతులు కడుక్కుంటానని బాత్‌రూమ్‌లోకి పోయి అక్కడినుంచే పిలిచింది.

"అమ్మా, నాన్న బెల్టు!"

బావ బెల్టు బావ నడుముకే ఉంది. ఆయన నా ఎదురుగా కూర్చుని ఉగ్గాని తింటున్నాడు. ఆ సంగతి నా బుర్రకు అందేలోపలే కాళ్లు పరుగెత్తాయి.

తూముకు బిగించిన ప్లాస్టిక్ జాలీలోంచి ఒక పాము జానెడు పైకి వచ్చి, మిగతా ఒళ్లు రాక ఇరుక్కుపోయి ఉంది. ముదురు గోధుమరంగు మీద తెల్లటి అడ్డచారలు. పాప దాని ముందు గొంతుక్కూర్చుని, చేతిలో మగ్గు పట్టుకుని, నీళ్లు పోద్దామా వద్దా అని ఆలోచిస్తోంది.

నేను అరవలేదట. అత్త చెప్పింది. పాపను చంకన వేసుకుని హాలు దాటి, గేటు దాటి, మలుపులో ఉన్న దుకాణం దాకా పోయి ఆగానట. నాకు గుర్తున్నదల్లా దుకాణం ఆమె "ఏం గావాల?" అనడం, నేను "ఏం వద్దు" అనడం మాత్రమే.

పాపను ఆమె దగ్గరే కూర్చోబెట్టి నేను తిరిగి వచ్చేసరికి అత్త బాత్‌రూమ్ గడపలో కట్టె పట్టుకుని నిలబడి ఉంది.

"కట్లపామే! చారలు చూడు. ఇది కరిచినట్టు గూడా తెలవదు. నిద్దట్లోనే పోతారు మనుషులు."

"కొట్టొద్దు మా, ఆగు. ఫోన్ చేసినా, వస్తన్నాడు" అన్నాడు బావ.

వస్తున్నది దోర్నాల దగ్గర అటవీశాఖలో వాచర్‌గా పనిచేసే ఒక చెంచు పెద్దాయన. రెండేళ్ల కిందట ఆయన కూతురి పెళ్లికి ఫోటోలు తీసింది మేమే. అప్పటినుంచి ఆయన నాకు చిన్నాయన. చుట్టుపక్కల ఎవరింట్లో పాము దూరినా ఫోన్ ఆయనకే పోతుంది. గంటలో బైకు మీద వచ్చాడు. కొక్కెం ఉన్న ఇనుప కడ్డీతో తలను పక్కకు నొక్కిపెట్టి, కటింగ్ ప్లేయర్‌తో జాలీని ముక్కలు ముక్కలుగా కత్తిరించి పామును బయటికి తీశాడు. అంతసేపూ అది మెలికలు తిరుగుతూనే ఉంది. జాలీ అంచు గీరుకుని దాని దవడ మీద, ఒంటి మీద గాట్లు పడ్డాయి.

"కట్లపాము కాదమ్మాయ్ ఇది" అన్నాడు, దాన్ని మూతకు చిల్లులున్న డబ్బాలోకి జారవిడుస్తూ. "దాని చొక్కా తొడుక్కొని తిరిగే బల్లులదొంగ. మీ పలకల సందుల్లో బల్లులు బాగుండాయి, వాటికోసం వచ్చింది. విషం లేదు దీనికి."

"మరి చారలు చిన్నాయనా?"

"చారలు నీ చీరకు గూడా ఉండాయి."

"చారలుంటే కట్లపామే" అంది అత్త. "మా నాయన చెప్పినాడు."

"మీ నాయన మంచోడే అక్కా. పామును దూరంగా నిలబడి చూసినాడు, అంతే."

"విషం లేకపోతే అంత దూరంనుంచి కడ్డీతో ఎందుకు పట్టినావు?" అని అడిగాను.

"తెలిసినా తెలవనట్టే పట్టుకోవాల. ఈ పనిలో నాకు తెలుసులే అన్నోడే ముందు పోయేది."

ఆ చివరి మాట ఆయన అనకుండా ఉండాల్సింది.

దెబ్బ మానిందాకా ఆఫీసులో అద్దాల పెట్టెలో ఉంచుతామని చెప్పి చిన్నాయన పామును తీసుకుపోయాడు. అది పోయింది కానీ నాకు మనసు కుదుటపడలేదు. ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాను. పుస్తకాల్లో దాన్ని తోడేలు పాము అంటారు. మా వైపు దానికి వేరే పేరే లేదు, చారలుంటే అన్నీ కట్లపాములే. తోడేలు పాముకు చారలు మెడ దగ్గరే మొదలై తోకకు పోయేకొద్దీ మసకబారతాయని, కట్లపాముకు మెడకు కొంత దూరం వదిలి మొదలవుతాయని ఉంది. అంతవరకు బాగానే ఉంది. దాని కిందే, చారలను మాత్రమే నమ్మరాదు, అనుభవం ఉన్నవారు కూడా పొరబడిన సందర్భాలు ఉన్నాయి అని ఉంది. నేను ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. అది కట్లపామే అయితే? దాని చుట్టాలు పలకల కింద ఉంటే? పాప కనపడిన ప్రతిదానికీ నీళ్లు పోసే వయసులో ఉంది.

ఆల్బం అట్టలు వచ్చే పెద్ద పెట్టె ఒకటి తీసి పాప బట్టలు సర్దడం మొదలుపెట్టాను. గిద్దలూరులో మా అమ్మావాళ్లింటికి పోవాలని, ఈ ఇల్లు మారేదాకా తిరిగి రాకూడదని.

అత్త గుమ్మంలో నిలబడి చూసింది. "గిద్దలూరులో పాములుండవా? నేను పుట్టిందీ ఆ ఇంట్లోనే గదే. మా పెరట్లోకి నాగుబాము వారం వారం వచ్చేది, చుట్టం మాదిరి."

"ఇట్ల చేద్దాం" అన్నాడు బావ. "కట్లపాము అని తేలితే నేనే బండి మాట్లాడతా, ఇల్లు గూడా మారదాం. కాదని తేలితే ఉంటావా?"

"నా కళ్లతో నేను చూస్తే ఉంటా. ఎవరో చెప్తే కాదు."

అదే మా ఒప్పందం. ఆ మాటే చిన్నాయనకు ఫోన్‌లో చెబితే ఆయన ఏమీ నొచ్చుకోలేదు.

"లెక్క వచ్చు గదా నీకు? నువ్వే వచ్చి లెక్కపెట్టుకో. ముక్కు రంధ్రం ఉండే పెంకు ఒకటి. కంటికి ముందర ఒక పెంకు. ఆ రెండిటి మధ్యన ఇంకొక చిన్న పెంకు ఉంటే మన బల్లులదొంగ. మధ్యది లేకుండా ఆ రెండూ ఆనుకోని ఉంటే కట్లపాము."

వెన్ను మీద చూడొచ్చు, తోక కింద చూడొచ్చు అని ఇంకా చెప్పాడు కానీ నేను ముఖం దగ్గరే ఉండిపోయాను. ముఖాలు నా పని. మూడుంటే ఉండటం, రెండుంటే పోవడం. ఇంత తేలికైన లెక్క ఈ మధ్యకాలంలో నాకెవరూ ఇవ్వలేదు.

కాకపోతే ఆ పాము తలకాయ మొత్తం నా బొటనవేలి గోరంత ఉంటుంది. చిన్నాయన పెంకు అంటున్న ఆ పొలుసు నువ్వుగింజలో సగం. మామూలు కంటికి ఆనదు. అప్పుడు బావకు తన మాక్రో లెన్సు గుర్తొచ్చింది. మంగళసూత్రం, ఉంగరాలు, గోరింటాకు దగ్గరగా తీయడానికి కొన్నది. చిన్నాయన సంతోషించాడు. రెండు పాముల ఫోటోలూ పక్కపక్కన పెట్టి, ఇది విషం, ఇది కాదు అని చూపించే బోర్డు ఒకటి ఆఫీసులో పెట్టాలని వాళ్ల సారు అనుకుంటున్నాడట. కట్లపాము బొమ్మ ఉంది, దీనిదే లేదు.

వెంటనే పోదామంటే ఆయనే ఆగమన్నాడు. "కళ్లు పాలు పోసినట్టు అయినాయి దానికి. కుబుసం ఇడిచేటట్టుంది. ఇప్పుడు తీస్తే ముసలిదాని మాదిరి పడతాది. వారం ఆగండి, కొత్తపెళ్లికూతురు మాదిరి చూపిస్తా."

ఆ వారం నేను బాత్‌రూమ్ తలుపు కింద పాత దుప్పటి మడిచి పెట్టాను. పాప చెప్పులు తొడిగేముందు దులిపాను, పాప బొమ్మలు దులిపాను, చివరికి పాపనే ఎత్తి దులిపాను. "బిడ్డకు కళ్లు తిరగతాయి, దించు" అని అత్త కేకలేసింది.

కుబుసం విడిచిందని కబురు రాగానే పాపను అత్త దగ్గర వదిలి బావా నేనూ దోర్నాల పోయాం. సంచిలో లెన్సు, చిన్న ఫ్లాషు, తెల్ల గొడుగు, పాత పేపర్లో చుట్టిన పలకముక్క ఉన్నాయి. నల్ల పలక మీద ఆ పాము కనపడదని నేనే మా గోడవారనుంచి ఆకుపచ్చ చాయ ఉన్న ముక్కను ఏరి, కడిగి తెచ్చాను. ఏ పలకల్లోంచి వచ్చిందో ఆ పలక మీదే దాన్ని కూర్చోబెట్టాం.

కూర్చోబెట్టాం అని రాశాను కానీ అది కూర్చోలేదు. వరండాలో బల్ల మీద పలక పెట్టి చిన్నాయన దాన్ని వదలగానే సర్రున అంచుకు పోయేది. ఆయన కడ్డీతో వెనక్కి తెచ్చి, దానిమీద మట్టి మూకుడు బోర్లించేవాడు. చీకటిగా ఉంటే పాము చుట్టచుట్టుకుని కుదురుతుందట. రెండు నిమిషాలు ఆగి మూకుడు మెల్లగా ఎత్తితే, నాలుగైదు ఫోటోలకు సరిపడా సమయం కదలకుండా ఉండేది. మళ్లీ సర్రున పరుగు, మళ్లీ మూకుడు.

బావ పదేళ్ల అలవాటును ఎక్కడికి పోనిస్తాడు? కెమెరా కంటికి పెట్టగానే నోరు దానంతటదే తెరుచుకుంది.

"కొంచెం గడ్డం పైకమ్మా... అట్ల... ఇటు చూడు... ఆ, చిన్న నవ్వు..."

చిన్నాయన మూకుడు పట్టుకున్న చెయ్యి వణికేలా నవ్వాడు. "నవ్వితే నాలిక బయటికొస్తాది, చూసుకో."

నిజంగానే నాలుక బయటికి వచ్చింది. నేను రెండడుగులు వెనక్కి పోయాను. గొడుగు పట్టుకోవాల్సిన పని నాది కాబట్టి చెయ్యి మాత్రం అక్కడే ఉంచి, ఒంటిని వెనక్కి తీసుకున్నాను.

మాక్రోలో ఒక చిక్కుంది. అంత దగ్గరగా తీస్తే ఫోకస్ దారం మందాన మాత్రమే ఉంటుంది. ముక్కు స్పష్టంగా వస్తే కన్ను మసక, కన్ను వస్తే ముక్కు మసక. నాకు కావలసింది ఆ రెంటి మధ్య. "ఎదురుగా కాదు బావా, సరిగ్గా పక్కనుంచి తియ్యి. ముక్కూ కన్నూ ఒకే వరసలోకి వస్తాయి" అన్నాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని తిరిగి మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి రెండొందల ఫోటోలయ్యాయి. వాటిలో ఒకే ఒక్కదానిలో ముక్కునుంచి కంటిదాకా అద్దంలా పడింది. మెడ దాటాక ఒళ్లంతా మసకే.

మరునాడు పాప మధ్యాహ్నం నిద్రలో ఉండగా దాన్ని కంప్యూటర్‌లో తెరిచాను. బావ ఒక రిసెప్షన్‌కు పొదిలి పోయాడు.

ఇంత అందంగా ఉంటుందని అనుకోలేదు. కుబుసం విడిచిన కొత్త ఒళ్లు, నూనె రాసినట్టు మెరుస్తోంది. పై పెదవి వెంట లేత పసుపు పెంకులు వరసగా, పాప పాలపళ్లలా ఉన్నాయి. కన్ను మొత్తం నలుపు, నల్లపూస. దాన్ని ఇంకా పెద్దది చేసి చూస్తే ఆ నలుపులో మేం ఉన్నాం. తెల్లటి గొడుగు, మోకాళ్ల మీద బావ, ఆయన వెనక వెల్లకిలా పడబోతున్నట్టు వంగి, ఒక కాలు అప్పటికే మెట్ల వైపు పెట్టి ఉన్న ఒక ఆడమనిషి. చాలాసేపు ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

తర్వాత పని మొదలుపెట్టాను. లెక్క తర్వాత, ముందు ఫోటో శుభ్రం చేద్దాం అనుకున్నాను. బోర్డుకు పోయే ఫోటో, మా చేతి పని, కొంచెం తీరుగా ఉండాలి కదా. పలక దుమ్ము తీశాను. గుడ్డపోగు ఒకటి ముక్కు మీద ఉంటే తీశాను. ఫ్లాషు వెలుగు దవడ మీద జిడ్డులా పడితే తగ్గించాను. జాలీ గీరిన గాటు దవడనుంచి కంటి ముందుదాకా ఇంకా ఉంది. పాపం అనిపించింది, దాన్నీ మాన్పాను. బుగ్గ కొంచెం నున్నగా చేశాను. గంటసేపు ఇదే.

అత్త టీ తెచ్చి చూసి ఆగిపోయింది. "అబ్బ, కడిగిన ముత్యం మాదిరి ఉండాది. మీ పెళ్లి ఫోటోల్లో నువ్వు గూడా ఇంత బాగలేవు."

అప్పుడు లెక్కకు కూర్చున్నాను. ముక్కు పెంకు, ఒకటి. దాని పక్కన పెంకు, రెండు. దాని పక్కన కన్ను.

మళ్లీ లెక్కపెట్టాను. పెన్ను మొన తెర మీద ఆనించి లెక్కపెట్టాను. ప్రింటు తీసి కిటికీ దగ్గర లెక్కపెట్టాను. రెండే. మధ్యన ఉండాల్సిన చిన్నది లేదు.

"అత్తా, నువ్వు చూడు."

అత్త కళ్లజోడు పెట్టుకుని చూసింది. "రెండే. నేను చెప్పలా? మా నాయన చెప్పినాడు."

ముందు పాప వైపు చూశాను. నిద్రపోతోంది. తర్వాత చిన్నాయన గుర్తొచ్చాడు. విషం లేదని నమ్మి ఆయన ఆ పాముతో రోజూ మెలుగుతున్నాడు. పైగా దాని ఫోటో కింద "విషం లేదు" అని రాసి బోర్డు పెట్టబోతున్నారు. వెంటనే ఫోన్ చేశాను.

"చిన్నాయనా, దాన్ని ముట్టుకోవాకు. అది కట్లపామే. నేను లెక్కపెట్టినా."

"పొద్దున్నే ఇడిచిపెట్టినాం గదమ్మాయ్ దాన్ని, అడివిలో" అన్నాడు. "నువ్వు ఊరికే గాబరా పడొద్దు. రేపు పని మీద మార్కాపురం వస్తన్నా, ఇంటికొస్తా."

బావకు ఫోన్ చేసి బండి మాట్లాడమన్నాను. "చిన్నాయన చూసినాక మాట్లాడదాం, నాయనా" అని పాపకు చెప్పినట్టు చెప్పాడు. నేను రెండో అట్టపెట్టె తీశాను.

మరునాడు పదింటికి చిన్నాయన వచ్చాడు. హాల్లో పెట్టెల పక్కనుంచి నడుస్తూ, "ఏంది, ఊరికా?" అన్నాడు. కంప్యూటర్ ముందు కూర్చోబెడితే మొహం దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇది యాడ పాము?"

"నువ్వు పట్టిందే చిన్నాయనా."

"నేను పట్టినదానికి దవడ మీద గాటు ఉండె. అదేది?"

"అది తీసేసినా. దెబ్బ గదా, చూసేదానికి బాగుండదని."

"ఇంకా ఏమేం తీసినావు?"

నిజంగానే నాకు గుర్తులేదు.

ఆయన చొక్కా జేబులోంచి మడిచిన క్యాలెండర్ కాగితం తీశాడు. మడతల మధ్య కుబుసం, ఉల్లిపొరలా ఉంది. తల వైపు మాత్రం విప్పి కిటికీ వెలుగుకు పట్టుకున్నాడు. పామునుంచి ఊడినది, పాము ఎలా ఉందో అలాగే ఉంది. కంటి మీది పొర కూడా గాజుబిళ్లలా గుండ్రంగా నిలిచి ఉంది. బావ లెన్సు దానిమీదికి తిప్పి కెమెరా తెర నాకు చూపించాడు.

"లెక్కపెట్టమ్మాయ్."

ముక్కు పెంకు. దాని పక్కన ఒక చిన్నది. దాని పక్కన కంటి ముందరిది. మూడు.

నేను కుర్చీలోంచి చిన్నాయనను దాదాపు తోసేసినట్టు లేపి కూర్చున్నాను. దిద్దుబాట్లు పొరల్లా పేర్చిన లేయర్లన్నీ ఆపి, బావ తీసిన అసలు ఫోటో తెరిచాను. అందులో జాలీ గీరిన గాటు ఉంది. దానికి సరిగ్గా పక్కన, దానిలాగే నిలువుగా, పెంకుకూ పెంకుకూ మధ్య సన్నటి గీత ఉంది. లేయర్ వేస్తే రెండు. తీస్తే మూడు. వేస్తే రెండు. తీస్తే మూడు. గాటునూ గీతనూ ఒకే చేత్తో తుడిచేశాను. గిద్దలూరు పోవాలా వద్దా అనేది ఏ గీత చెప్పాలో ఆ గీతనే మచ్చ అనుకున్నాను.

"దేవుడియ్యని విషం నువ్వు ఇచ్చినావు గదమ్మాయ్ దానికి" అన్నాడు చిన్నాయన.

ముందు బావ నవ్వాడు. తర్వాత అత్త. అందరూ నవ్వుతున్నారని ఉయ్యాలలోంచి పాప కూడా నవ్వింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

నవ్వులు తగ్గాక చిన్నాయన మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెడుతూ అన్నాడు. "నా కూతురినీ ఇట్లే చేసినావు."

"ఏం చేసినాను చిన్నాయనా?"

"దానికి గడ్డం కింద కాలిన మచ్చ ఉంటాది. చిన్నప్పుడు నేను తేనె తీస్తా ఉంటే చెట్టు కిందనే నిలబడుకోని ఉండె. పొగకట్టలోంచి నిప్పు రాలి పడింది. ఆల్బం ఇంటికొచ్చినాక మా ఇంటిది, ఈ పిల్ల ఎవురు, మన పిల్ల యాడ అని అడిగింది. మచ్చ కోసం అట్ట నుంచి అట్ట దాకా ఎతికింది."

"అప్పుడే చెప్పకూడదా!"

"ఏం చెప్పేది? అంత తెల్లగా చేసి ఇస్తిరి. అల్లుడు సంతోషపడినాడు."

మళ్లీ అందరూ నవ్వారు. ఈసారి నేను నవ్వలేకపోయాను. పాత హార్డ్‌డిస్కు తీసి, వాళ్ల పెళ్లి ఫోల్డర్ వెతికి, అసలు ఫోటోలు తెరిచాను. నేను అప్పుడు గంటలకొద్దీ చూసిన ముఖమే. అయినా మొదటిసారి చూస్తున్నట్టుంది. నిగనిగలాడే చామనచాయ. గడ్డం కింద సగం చింతగింజంత మచ్చ. తల కొంచెం వంచి, పక్కన ఎవరో ఏదో అన్నందుకు నవ్వు ఆపుకుంటోంది. ఏమీ ముట్టుకోకుండా చేతిలో పట్టేంత సైజులో ప్రింటు తీసి ఇచ్చాను.

చిన్నాయన దాన్ని చూసి బొటనవేలితో ఒకసారి మచ్చ మీద రుద్దాడు, ప్రింటు మీది మరకేమో అని చూస్తున్నట్టు. "ఇదీ మా పిల్ల" అన్నాడు. కుబుసం ఉన్న కాగితం నా చేతిలో పెట్టి, ఫోటోను ఆ జేబులో పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం పాము ఫోటో మళ్లీ మొదటినుంచి చేశాను. వెలుగు కొంచెం సరిచేశాను, పలక మీది దుమ్ము తీశాను. పాము మీద ఒక్క చుక్క కూడా ముట్టుకోలేదు, గుడ్డపోగుతో సహా. కంట్లో మన బొమ్మ పడింది, అదన్నా తీసెయ్ అన్నాడు బావ. తీయనన్నాను. అత్త కళ్లజోడు పెట్టుకుని మూడు పెంకులూ వేలితో లెక్కపెట్టి, "సరేలే, మా నాయన కాలంలో ఇంత పెద్ద ఫోటోలు యాడుండాయి" అని తండ్రిని గౌరవంగానే వెనక్కి తీసుకుంది.

ఆ ఫోటో ఇప్పుడు ఆఫీసు వరండాలో బోర్డు మీద ఉంది. ముక్కుకూ కంటికీ మధ్య మూడు పెంకులకూ మూడు బాణం గుర్తులు పెట్టారు. కింద, ఏ పాముకైనా దూరంగా ఉండి ఫోన్ చేయండి అని రాశారు. అది చిన్నాయన మాటే.

నా పని పూర్తిగా మారిపోయిందని రాస్తే అబద్ధం. మొన్న ఒక పెళ్లికూతురి పుట్టుమచ్చ ఉంచేశాను. పెళ్లికొడుకు తల్లి ఫోన్ చేసి కేకలేసింది. తీసేశాను. కాకపోతే ఇప్పుడు తీసేముందు ఆ అమ్మాయినే అడుగుతున్నాను. తూముకు స్టీలు జాలీ వేయించాం. పలకలు గోడవారనుంచి తీయించి, కడిగించి, అత్త కోరిన అరుగుకు పరిపించాం. తీసేటప్పుడు చిన్నాయనను పిలిచి పక్కన నిలబెట్టుకున్నాను. పదకొండు బల్లులు బయటపడ్డాయి, పాము ఒక్కటీ లేదు. నేను ఇప్పటికీ చెప్పులు దులుపుతాను. పాపను మాత్రం దులపడం లేదు.

పెట్టెల్లోంచి పాప బట్టలు తీసి బీరువాలో పెట్టిన రోజు ఖాళీ పెట్టె ఒకటి హాల్లోనే ఉండిపోయింది. పాప అందులోకి ఎక్కి కూర్చుని, అంచు మీద అరచేత్తో కొడుతూ అరవడం మొదలుపెట్టింది.

"గిద్దలూరు, గిద్దలూరు, గిద్దలూరు! జేజీ, ఎక్కు!"

జేజి అంటే అత్తే. "నేను రాను తల్లీ. ఆడ నాగుబాము ఉంటాది" అంది అత్త, అరుగు మీద కాళ్లు చాపుకుని.

"అమ్మా, నువ్వు?"

"నాకు ఇక్కడ పనుంది" అన్నాను.

పాప ఇంకెవరైనా వస్తారేమో అని అటూ ఇటూ చూసి, "రైట్, రైట్" అని ఖాళీ బస్సునే పోనిచ్చింది.